కంచె లోపలి తుంగ

ఫిబ్రవరి 9

పిచికా,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటని ముక్కు మీద వేలేసుకోకు. ఫోన్‌లో నువ్వు మాట్లాడితే నేను వినాలి. నేను మొదలెడితే నువ్వు పక్కన ఎవరితోనో "వస్తున్నా, వస్తున్నా" అంటుంటావు. కాయితమైతే నా మాటకి అడ్డు రాదు.

మన వీధి చివరి మడుగుని పూడ్చేస్తున్నారు. లారీలు నిలబెట్టుకోడానికి జాగా కావాలట. అప్పుడే ఒక పక్కన మట్టి కుప్పలు పోశారు. తమాషా ఏంటంటే, ఆ మట్టిని నీళ్ళలోకి తోసే బుల్డోజర్ మీద కూర్చున్నది మీ అన్నయ్యే. ఇన్నాళ్ళూ పని లేక గోళ్ళు గిల్లుకుంటున్న మనిషిని కాంట్రాక్టరు పిలిచి పనిచ్చాడు. మొదటి రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. బుల్డోజర్ నడపడానికి ఇస్త్రీ చొక్కా! నవ్వు రావాలి. రాలేదు. ఆయనకి పని దొరికిందని సంతోషించాలా, నా పని పోతోందని ఏడవాలా? తుంగ లేకపోతే చాప దేనితో అల్లను, నా జుట్టుతోనా?

నిన్న తుంగ కోసే ఆడవాళ్ళమంతా చేరాం. పక్కింటి బొంగరమ్మ, అదే, ఒక్క చోట నిలవదని మనం పేరు పెట్టుకున్నామే, ఆవిడే లేచి, "రేపట్నుంచి గట్టు మీద కూర్చుందాం. మన మీంచి పొమ్మనండి" అంది. అందరం ఊఁ కొట్టాం. నేనూ కొట్టాను. ఎదురుగా వచ్చే బండి మీద నా మొగుడుంటాడన్న సంగతి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది.

నువ్వు కాలేజీలో ఆడవాళ్ళూ నేలా అని ఏదో పాఠం చెబుతావటగా. అందులో మాకు పనికొచ్చే ముక్క ఉంటే పంపు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎటు పోవాలో తోచడం లేదు.

నీ వదిన


ఫిబ్రవరి 17

వదినా,

నీ ఉత్తరం స్టాఫ్ రూమ్‌లో చదువుకుని క్లాసుకి ఆలస్యంగా వెళ్ళాను. వెళ్ళి పాఠం పక్కన పెట్టి మడుగు గురించే చెప్పాను. ఎప్పుడూ కునికే వెనక బెంచీ కూడా మెలకువగా ఉంది.

ముక్క అడిగావు. దాన్ని పర్యావరణ స్త్రీవాదం అంటారు. పేరు చూసి జడుసుకోకు, లోపల ఉన్నది నీకు తెలిసిందే. నేలనీ ఆడదాన్నీ ఒకే కంటితో చూసే లోకం ఒకటుంది. రెండూ ఊరికే ఇస్తాయి, అలసిపోవు, అడిగేవాళ్ళు లేరు అని దాని నమ్మకం. ఊరికే వచ్చేదానికి విలువెందుకు కడతారు? ఆ చూపుని మార్చకుండా మడుగునీ కాపాడలేం, మనల్నీ కాపాడుకోలేం. చాలా చోట్ల అడవి కోసమో నీళ్ళ కోసమో ముందు వచ్చి కూర్చున్నది ఆడవాళ్ళే.

ఎందుకలా అన్న దగ్గర మాలో మాకే సిగపట్లు. ఆడదానికీ ప్రకృతికీ పుట్టుకతోనే బంధం ఉందని ఒక గుంపు. అలా అంటే మళ్ళీ మనల్ని వంటింట్లోకి తోసినట్టే, నీళ్ళూ కట్టెలూ మోసేది మనం కాబట్టి అవి పోతే ముందు తగిలేది మనకే, అంతకు మించి మాయ లేదు అని రెండో గుంపు. నేను రెండో గుంపు మనిషిని. కోపం వచ్చినప్పుడు మాత్రం మొదటిదాంట్లోకి జారుతుంటాను.

మా ప్రొఫెసరమ్మకి చెప్పాను. ఆవిడ మడుగులూ పక్షులూ కాపాడే కమిటీలో ఉన్నారు. కోర్టుకి వెళ్దామన్నారు. నేను వచ్చి చూసి పత్రికలో రాస్తాను.

ఒక సందేహం. మీరంతా గట్టు మీద కూర్చుంటే ఇళ్ళల్లో వంటెవరు చేస్తున్నారు?

అన్నయ్యతో తగువు పెట్టుకోకు. వాడిది మొండి, నీది జగమొండి.

పిచిక


మార్చి 3

పిచికా,

మీ అమ్మ. నీ సందేహానికి అదీ జవాబు. అత్తయ్య పొద్దున్నే లేచి గట్టు మీదున్న వాళ్ళందరికీ వండి గిన్నె నెత్తిన పెట్టుకుని వస్తోంది. వద్దంటే, "నాకు అరవడం రాదు, వండడం వచ్చు" అంటుంది. నీ చదువు దీన్నేమంటుందో గానీ నా కడుపు మాత్రం వద్దనలేదు.

నిన్న బండి మా మీదకి వచ్చింది. నేనూ బొంగరమ్మా ముందు వరసలో ఉన్నాం. మీ అన్నయ్య పైనుంచి నన్ను చూశాడు. నేనూ చూశాను. పెళ్ళైన కొత్తల్లో కూడా అంతసేపు చూసుకోలేదు.

"లే" అన్నాడు.

"దిగు" అన్నాను.

"ఉద్యోగం పోతుందే."

"నాదీ అంతే."

వెనక నుంచి కాంట్రాక్టరు, "పోనియ్యి, దగ్గరికొస్తే వాళ్ళే లేస్తారు" అని కేక. బండి కదిలింది. పిచికా, నా కాళ్ళ మీద మట్టి పడింది. బొంగరమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఆవిడ గోళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. లేద్దామనుకున్నాను. నిజం, అనుకున్నాను. బొంగరమ్మ పట్టు వదల్లేదు. అంతలో ముందు నుంచి బుస్సున ఆవిరి లేచి బండి ఆగిపోయింది. మీ అన్నయ్య దిగి, మూత తీసి చూసి, "రేడియేటర్‌లో నీళ్ళు లేవు. ఇంజన్ పట్టేసింది" అన్నాడు. కాంట్రాక్టరు తిట్టిన తిట్లు నేను రాయను, నువ్వు మళ్ళీ క్లాసులో చదువుతావు. అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు.

ఇంటికొచ్చాక, "నిజంగానే నీళ్ళు అయిపోయాయా?" అని అడిగాను.

"నీకు బండి గురించి తెలుసా?"

"తెలీదు."

"మరి ఊరుకో."

అంతే, ఇక మాటల్లేవు. చెయ్యి చాపితే గిన్నె అందిస్తాను, తలూపితే మంచినీళ్ళు. ఇల్లు మూగవాళ్ళ బడిలా ఉంది. నువ్వొచ్చినప్పుడైనా కదిలించు.

వదిన


మార్చి 15

వదినా,

నేనొచ్చిన రోజే అన్నయ్య పని వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఉన్నా నాతో ఏం మాట్లాడేవాడో! భార్య కూర్చుని ఉంటే మీదకి బండి తోలిన మనిషి మా అన్నయ్యేనా అని దారంతా బుర్రలో అదే గింగిరాలు. ఇంజన్ పాడైంది కాబట్టి సరిపోయింది, లేకపోతే? నువ్వు మాత్రం అదేదో నవ్వులాట కథలా రాస్తావు.

నా వ్యాసం అచ్చయింది, దీంతో పాటు పంపుతున్నాను. మా కాలేజీలో చదవనివాళ్ళు లేరు. కమిటీ వేసిన కేసులో జడ్జిగారి ముందు కూడా పెట్టారు. పూడిక ఆపమని ఉత్తర్వు వచ్చింది వదినా! మీరు గెలిచారు!

అమ్మ సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు. ఉద్యమం చేసేవాళ్ళకి వండేదీ ఒక ముసలమ్మేనా? గిన్నె ఒక్కరోజైనా మగవాళ్ళ నెత్తికి ఎక్కిందా?

పిచిక


ఏప్రిల్ 2

పిచికా,

గెలిచిన రోజు వీధంతా ఈలలు. మట్టి కుప్పల మీద ఎక్కి గంతులేశాం. ఎక్కింతర్వాత దిగలేక బొంగరమ్మని ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది.

నీ వ్యాసం గట్టు మీద కూర్చుని పైకి చదివాను. మొదట్లో అందరూ ఆహా అన్నారు. "ఎవరి చెయ్యీ పడని కన్నె నేల" అన్న చోటికి వచ్చేసరికి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బొంగరమ్మ తన అరిచేతులు తిప్పి తిప్పి చూసుకుని, "ఇవి చేతులు కావంటావా అమ్మా?" అంది. ఆ తర్వాత, "కన్నెట! ఎన్ని పురుళ్ళు పోశామో దానికి, ప్రతి ఏడూ కోశాం, ప్రతి ఏడూ లేచింది" అంది. నవ్వులాటగానే అందిలే.

"యంత్రం మీద మగవాడు, నేల మీద ఆడది" అన్న ముక్క మాత్రం ఇంట్లో మీ అన్నయ్య చదివాడు. రెండుసార్లు చదివాడు. మడిచి కిటికీలో పెట్టి, బయటికెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. ఎందుకో నాకు బాధేసింది. మాట్లాడడం మానేసింది ఆయన, బాధ నాకేంటి?

అత్తయ్య గిన్నె గురించి అడిగావు. మొన్న గెలిచినందుకు గట్టు మీద భోజనాలు పెట్టుకుంటే మీ అన్నయ్యే మోసుకొచ్చాడు. తనే వండాడు కూడా. అడుగంటింది. ఎవరూ వంక పెట్టలేదు.

వదిన


ఏప్రిల్ 14

వదినా,

అన్నయ్య అడుగంటించినా సరే, మొదలైంది కదా! కన్నె నేల అన్నది మాట వరసకి రాసిందే, మీరు దాన్ని పట్టుకుని నా కాలు లాగుతున్నారని నాకు తెలుసు. బొంగరమ్మ నాలుక నాకు కొత్తా?

అసలు కబురు విను. ఇక ఎప్పటికీ ఎవడూ బుల్డోజర్ పట్టుకుని రాకుండా, మడుగుని రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తున్నారు. ప్రొఫెసరమ్మ కమిటీలో నన్నూ వేసుకున్నారు. చుట్టూ కంచె వస్తుంది, కాపలా ఉంటుంది. పక్షుల శాఖవాళ్ళు సర్వేకి వస్తారట. ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేరు వదినా. నాకు గాల్లో తేలుతున్నట్టుంది, ఓ చోట కూర్చోలేకపోతున్నాను.

పిచిక


మే 21

గౌరవనీయులైన లెక్చరర్ గారికి,

మీరు చెప్పినట్టే కంచె వచ్చింది. గేటుంది. గేటుకి బోర్డుంది. లోపలికి రావడం, తుంగ కొయ్యడం నేరం అని రాసుంది. కింద చిన్న పక్షి బొమ్మ కూడా వేశారు, ముద్దుగా ఉంది.

నిన్న బొంగరమ్మ కంచె సందులోంచి దూరి కోతకి వెళ్ళింది. ఆవిడకి చదువు రాదు, వచ్చినా ఆగేది కాదు. కాపలావాడు పట్టుకున్నాడు. కొడవలి లాక్కున్నాడు. స్టేషన్‌కి తీసుకెళ్ళి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. బుల్డోజర్ ముందు కూర్చున్న మనిషి, ఆ బల్ల మీద ఏడ్చింది. మేం వెళ్ళి తీసుకొచ్చాం. అప్పట్నుంచి ఇంట్లోంచి బయటికి రావడం లేదు. ఆ మనిషి ఒక్క చోట కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదండీ. భయమేస్తోంది.

కాపలావాడు మమ్మల్నేమన్నాడో తెలుసా? "ఇది ఎవరి చెయ్యీ పడని నేలమ్మా, పేపర్లో రాశారు" అన్నాడు.

ఎవరూ ముట్టుకోలేరన్నారు మీరు. ఎవరూ అంటే మేం కూడానా అని అడగడం నా బుద్ధితక్కువ. ఉంటాను.

చాపలు అల్లుకునేది, ఇప్పుడు అదీ లేనిది


మే 30

వదినా,

నన్ను కొట్టు, తిట్టు, "అండీ" అనకు. ఆ ఒక్క ముక్క చదివి పుస్తకాలన్నీ కిందపడేశాను.

బొంగరమ్మ గురించి చదివి అన్నం సహించలేదు. నా వాక్యం ఒక మనిషి చేతిలో కొడవలి లాక్కుంటుందని నేనెందుకు అనుకుంటాను? మడుగు అందంగా కనబడాలని రాశాను. అమ్మ నన్ను ఎప్పుడూ తుంగలోకి దిగనిచ్చేది కాదు, చేతులు కోసుకుంటాయని బడికి తోలేది. మీ పనిని నేను గట్టు మీంచే చూశాను.

కానీ తప్పంతా నా నెత్తిన రుద్దకు. కంచె సంగతి ఖాయమవుతున్నప్పుడు నేను నోరు మూసుకోలేదు. ఆడవాళ్ళు కోసుకుంటారు, వాళ్ళకి దారి ఉండాలి అన్నాను. సర్వే చేసిన అధికారి నా ముందే చెప్పాడు: "ఇల్లిల్లూ తిరిగి అడిగామండీ. మడుగు మీద బతికేవాళ్ళు ఎవరూ లేరు. మగవాళ్ళకి వేరే పనులున్నాయి. ఆడవాళ్ళు ఇంట్లోనే ఉంటారట." ఎవరు చెప్పారన్నాను. మన ఇంటి సంగతే చెప్పాడు వదినా. గుమ్మంలో నిలబడి చెప్పింది అన్నయ్య. ఇక నేను దారి మాట ఎత్తలేదు.

మొదట నీ మీదకి బండి తోలాడు, తర్వాత నీ పనే లేదన్నాడు. వాణ్ణి అడుగు. ఆ తర్వాత నన్ను తిట్టు.

పిచిక


జూన్ 9

పిచికా,

అడిగాను. అత్తయ్య ఎదురుగానే అడిగాను.

"అవును, ఇంట్లోనే ఉంటారన్నాను" అన్నాడు. "మీరు చాపలు అల్లేది ఇంట్లోనే కదా?"

"కోసేది ఎక్కడ?"

"అది... మీరు పొద్దున వెళ్ళి వచ్చేస్తారు కదా. దాన్ని కూడా పని కింద చెప్పాలా?"

కపటం లేదు పిచికా, అదే నా ఖర్మ. నిజంగానే ఆయనకి తోచలేదు. అత్తయ్యే కూరగాయల కత్తి కింద పెట్టి అంది: "మీ నాన్న మంచాన పడ్డాక నిన్ను ఏం పెట్టి పెంచానురా? ఇంట్లోనే ఉండి పెంచానా?" గొంతు పెంచలేదు. మీ అన్నయ్య తల దించుకున్నాడు. ఉన్నట్టుండి, "నా పనీ ఎవరికీ కనబడలేదులే" అన్నాడు.

ఏం పని అన్నాను. చెప్పాడు.

ఆ రోజు పొద్దున బండెక్కే ముందు రేడియేటర్ నీళ్ళు తనే వంపేశాడట. "దిగిపోతే ఇంకొకణ్ణి ఎక్కిస్తారు. ఇంజన్ పోతే ఎవడూ ఎక్కలేడు" అన్నాడు. "ఎంత దూరంలో ఆగుతుందో తెలీదు. నీ దాకా వస్తుందేమోనని బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. ఇప్పటికీ ఆ కాలు లాగుతుంది." మరి నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు మీ వాళ్ళకి చెబుతావు, వాళ్ళు ఈలలేస్తారు. కాంట్రాక్టరుకి తెలిస్తే ఇంకెక్కడా నన్ను బండి ఎక్కనివ్వరు" అన్నాడు. నీ వ్యాసం చదివాక అసలు చెప్పబుద్ధి కాలేదట. "చెల్లెలు నన్ను రాక్షసుణ్ణి చేసింది, ఉండనీ" అన్నాడు.

నేను ఏడ్చాను. ఏడుస్తూనే తిట్టాను, ఇంట్లో ఉంటారన్నందుకు. రెండూ ఒకేసారి చెయ్యడం ఎంత కష్టమో నీకు పెళ్ళైతే గానీ తెలీదు.

ఈ సంగతి ఎక్కడా రాయకు. ఆయన పొట్ట మీద కొట్టినట్టవుతుంది. నీతో ఎందుకు చెబుతున్నానంటే, నీ అన్నయ్య నీకు తిరిగి రావాలని.

బొంగరమ్మ ఇంకా గడప దాటలేదు. మేమంతా పట్టపగలే గేటు దగ్గరికి కొడవళ్ళతో వెళ్ళాలనుకుంటున్నాం. ఆ కంచె వేయించినవాళ్ళతో నువ్వేం మాట్లాడతావో నీ ఇష్టం.

నీ వదిన
(కోపం సగం తగ్గింది. మిగతా సగం ఉంచుకున్నాను.)


జూన్ 18

వదినా,

అన్నయ్యకి నేనేం రాయను? నాలుగుసార్లు మొదలెట్టి చింపేశాను. అచ్చులో వాడికి చేసిన అన్యాయాన్ని అచ్చులో దిద్దలేను, దిద్దితే వాడికి పని పోతుంది. ఇది నాకు శిక్షలా ఉంది. వాడి కాలికి ఎవరికైనా చూపించు.

వచ్చే వారం కమిటీ విచారణ ఉంది. నా వాక్యం తప్పని అందరి ముందూ చెబుతాను. ప్రొఫెసరమ్మకి ముందే చెప్పాను. "నీ పర్మనెంట్ పోస్టు సంగతి నా చేతుల్లోనే ఉందని గుర్తుందా?" అన్నారు. మెత్తగానే అన్నారు. ఆవిడ మంచి మనిషి వదినా, అందుకే ఎక్కువ భయమేస్తోంది. లోకం ఆడదాని పనిని లెక్కచెయ్యదని పాఠం చెబుతూ, మధ్యలో ఆగిపోయి సుద్దముక్క విరుస్తున్నాను.

ఒకటి మాత్రం నువ్వు నాకు చెప్పాలి. అక్కడ పక్షులు గూళ్ళు కడతాయి. తుంగంతా కోసేస్తే పిల్లలు చచ్చిపోతాయని ప్రొఫెసరమ్మ అంటున్నారు. అది ఉట్టి మాట కాదు, నేనూ కళ్ళారా చూశాను. మీ వైపు నిలబడతాను, కానీ ఆ ప్రశ్నకి కళ్ళు మూసుకుని నిలబడలేను. మీరంతా కలిసి ఏమంటారో చెప్పండి. గేటు దగ్గరికి మాత్రం విచారణ అయ్యేదాకా వెళ్ళకండి.

పిచిక


జూన్ 22

పిచికా,

నీ ప్రశ్న మా మధ్య నిప్పు పెట్టింది. కొందరు, మనకి లేని గూడు పక్షికెందుకన్నారు. ఇంకొందరు, ధర బాగున్న ఏడు మొత్తం కోసేశాం, మరుసటేడు ఒక్క పిట్ట వాలలేదు, మర్చిపోయారా అన్నారు. కొట్టుకోడం ఒక్కటే తక్కువ. చివరికి తూర్పు పక్క పక్షి పిల్లలు ఎగిరేదాకా ముట్టుకోవద్దనీ, పడమటి పక్క మాకివ్వాలనీ అనుకున్నాం. అందరికీ ఇష్టమై కాదు. అదే చెప్పు. మేం మంచివాళ్ళమని మాత్రం చెప్పకు, కోసేవాళ్ళమని చెప్పు.

వదిన


జూన్ 27

వదినా,

చెప్పాను. "ఆ నేల మీద చేతులు పడ్డాయి, ఆ చేతుల్ని నేను రాయలేదు" అన్నాను. ఎవరో నీళ్ళందిస్తే తాగి, మీరంతా అనుకున్నది కూడా చెప్పాను. ప్రొఫెసరమ్మ నా వైపు చూడలేదు. కానీ పడమటి పక్క గురించి కమిటీవాళ్ళే వివరంగా అడిగారు. మళ్ళీ సర్వేకి మనుషుల్ని పంపుతారట. ఈసారి ఆడవాళ్ళతో మాట్లాడాలని నేను రాయించాను.

నా పర్మనెంట్ పోస్టు ఇంకొకరికిచ్చారు. వచ్చే ఏడు చూద్దామన్నారు. అమ్మకి ఇప్పుడే చెప్పకు.

పిచిక


జూలై 19

పిచికా,

అత్తయ్యకి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పావు. "పోతే పోయింది, ఇంటికొచ్చి నాలుగు రోజులుండమను" అంది.

సర్వేవాళ్ళు వచ్చారు. గుమ్మంలో మీ అన్నయ్య ఏదో చెప్పబోతే అత్తయ్య, "నువ్వాగు" అని ముందుకొచ్చింది. పనేంటని అడిగారు. "తుంగ కొయ్యడం, చాప అల్లడం" అంది. ఇప్పుడు చెయ్యట్లేదు కదమ్మా అన్నాడా కుర్ర అధికారి. "నువ్వు ముసలాడివయ్యాక ఏ ఉద్యోగం చేశావని అడిగితే ఇంట్లో ఉన్నానంటావా?" అంది. మీ అన్నయ్య పక్కకి తిరిగి నవ్వాడు. ఆ వెంటనే నా పనీ తనే చెప్పాడు, ముక్క వదలకుండా, ఏ నెలలో కోస్తానో కూడా. ఆయనకి అవన్నీ తెలుసునని నాకు తెలీదు. పక్క ఊళ్ళో రోడ్డు పనిలో బండి కూడా దొరికింది.

పడమటి పక్క మాకిచ్చారు. కంచె ఉంటుంది, గేటు ఉంటుంది, ఒక్కొక్కళ్ళకీ కార్డు. సోమవారం గేటు తెరిచారు. కొడవళ్ళు పట్టుకుని లోపలికి పరిగెత్తాం. ఇన్నాళ్ళూ కొయ్యక సగం తుంగ కుళ్ళిపోయి ఉంది, అయినా ఆ వాసనకి నా కళ్ళు తడిశాయి.

బొంగరమ్మ కార్డు తీసుకోలేదు. అవును, గడప దాటింది. దాటి వచ్చి గేటు బయట నేల మీద కూర్చుంది.

"నీ కార్డు నేను తెస్తా, రా" అన్నాను.

"నా మడుగులోకి పోడానికి నాకు కార్డెందుకే?"

"పంతానికి పోతే పస్తులే."

"ఇచ్చినవాడు రేపు తీసేసుకుంటాడు. ఆ బల్ల మీద కూర్చుంది నువ్వు కాదు" అంది.

రోజూ వచ్చి కూర్చుంటోంది. ఆవిడ కోసం నేను ఒక మోపు ఎక్కువ కోసి పెడితే ముట్టుకోలేదు. నువ్వు పోస్టు పోగొట్టుకున్నావు, నేను గట్టు మీద పొలికేకలు పెట్టి గొంతు పోగొట్టుకున్నాను, అందరం గెలిచామనే అంటున్నారు. ఆవిడ ముందు నుంచి కార్డు చూపించి లోపలికి వెళుతూ తల పక్కకి తిప్పుకుంటున్నాను. ఆవిడ చెప్పేది తప్పనలేను. అలాగని కార్డు చింపేస్తే ఇంట్లో చాప మగ్గం ఆగిపోతుంది.

అందుకని రేపు కోతకి వెళ్ళను. ఆవిడ పక్కన కూర్చుంటాను. ఎన్నాళ్ళు అంటే ఇప్పుడే చెప్పలేను. మిగతావాళ్ళు ఏమంటారో, గేటు దగ్గరివాడు ఏమంటాడో, అసలు ఆవిడే పొమ్మంటుందో తెలీదు. లోపల తుంగ బాగానే ఉంది పిచికా, ఆవిడ ఒక్కతే బయట కూర్చుంటే నా చెయ్యి సాగడం లేదు.

నీ వదిన